తెల్లగుడ్డ పరీక్ష

పురుషోత్తంగారు రెండో పెళ్లి చేసుకున్నారనీ, ఆ పెళ్లి కాగితాల మీద తనే సంతకం పెట్టాననీ త్రిపుర కొత్తగా పరిచయమైన వాళ్లందరికీ నవ్వకుండా చెప్పేది. వాళ్లు నోరు తెరిచి చూస్తే, వీధిలో తాటాకు పందిరి కింద నిలబడ్డ నల్ల అంబాసిడరును చూపించేది. పెద్దావిడకి దగ్గొస్తే పడకకుర్చీలోంచి లేవకుండానే మిరియాల కషాయం కాచుకోమనే మనిషి, రెండో ఆవిడ ఒక్కసారి దగ్గిందంటే పంచె ఎగ్గట్టి బానెట్టులోకి తల దూర్చేవారు. ఆవిడకి ప్రతి ఆదివారం తలంటి. ఎండ తగలకుండా పందిరి. చినుకు పడితే టార్పాలిను. త్రిపురకి గొడుగు కొనిపెట్టి మాత్రం ఆరేళ్లయింది.

హైస్కూల్లో లెక్కల మేష్టారు టాక్సీ తిప్పితే బాగుండదని కారును ఇల్లాలి పేర కొన్నారు. ఆ కాగితాల్లో పేరు రాసే గడి చిన్నది. ‘బాలాత్రిపురసుందరి’ సగం అందులో పట్టి, మిగతా సగం తండ్రి పేరు రాయాల్సిన గడిలోకి జారింది. సవతిని తన పేర రిజిస్టరు చేయించుకున్న ఇల్లాలు కోనసీమ మొత్తంలో తనొక్కతేనని త్రిపుర లెక్క.

ఎనభయ్యారో సంవత్సరం. మాఘమాసం పెళ్లిళ్లకి ఇంకా పది రోజులుంది. ఆ ఆదివారం పొద్దున్న డ్రైవరు అబ్బులు వీధిలో కారు కడుగుతున్నాడు. అబ్బులుకి ముప్ఫయ్యేళ్లుంటాయి. టైరు సందుల్లో ఇరుక్కున్న ఒండ్రుమట్టిని కొబ్బరీనె పుల్లతో గీరి తీసేవాడు. అద్దాన్ని ముందు తడిగుడ్డతో, తర్వాత పాత పేపరుతో తుడిచేవాడు. కడిగాక ఇంజను ఒకసారి స్టార్టుచేసి చూసుకోవడం వాడి అలవాటు. ఆ వేళ స్టార్టు చెయ్యగానే వెనకనుంచి నల్లటి పొగ బుస్సున లేచి, గోడ దాటి, పక్కింటి పుష్పలత ఆరేసుకున్న చీరల మీదికి వెళ్లింది.

“ఏంటండీ అక్కయ్యగారూ, ఈ పొగ!” అంది పుష్పలత గోడ మీంచి. ఆవిడ భర్త సూర్యారావుకి రెండు టాక్సీలున్నాయి. అందుచేత పొగ విషయంలో ఆవిడకి కాస్త అధికారం ఉంది.

త్రిపుర చేతిలో ఖాళీ కిరసనాయిలు డబ్బా ఉంది. నెల సగం కాకుండానే కోటా అయిపోయిందని అప్పుడే విసుక్కుంటూ బయటికొచ్చింది. ఆవిడ నోరు ఊరుకోలేదు.

“మా అబ్బులు మా వంటింటి కిరసనాయిలు తీసుకెళ్లి ఆవిడకి పట్టిస్తున్నాడమ్మా. చూడు, అచ్చం నా స్టవ్వు పొగే. అత్తారింట్లో కోడలికి పాలు నీళ్లు కలిపి పోసినట్టు, దీనికి డీజిల్లో కిరసనాయిలు కలిపి పోస్తున్నాడు.”

పుష్పలత కిలకిలా నవ్వింది. అబ్బులు కూడా చేతిలో గుడ్డ పిండుతూ పకపకా నవ్వాడు. “ఆయ్, మీ స్టవ్వు కంటే మా బండే నయమండి అమ్మగారూ. దీనికి పంపు కొట్టక్కర్లేదు.”

త్రిపుర బియ్యే చదివింది. కాలేజీలో ఆవిడ అన్న మాటలు మర్నాటికి మగపిల్లల హాస్టలు దాకా వెళ్లేవి. పెళ్లయ్యాక ఆ మాటలకి గోడ అవతల పుష్పలత ఒక్కతే మిగిలింది. తన మాట గోడ దాటి నవ్వుగా తిరిగొస్తే ఆ పూట కూరలో ఉప్పు తక్కువైనా త్రిపురకి ఫరవాలేదు.

మంగళవారం బ్రేకు ఇన్‌స్పెక్టరు కేంపు. బ్రేకు ఒక్కటే కాదు, లైట్లూ హారనూ పొగా అన్నీ చూసి, ఏడాదికొకసారి టాక్సీలకి ‘బాగుంది’ అని సర్టిఫికెట్టు ఇచ్చే మనిషిని ఆ రోజుల్లో అందరూ అలాగే అనేవారు. అమలాపురం కాలవగట్టు పక్క మైదానంలో పొద్దున్నుంచే టాక్సీలూ వ్యానులూ బారులు తీరాయి. ఓనరు సంతకం కావాలి కాబట్టి త్రిపుర వెనక సీట్లో కూర్చుంది. పురుషోత్తంగారు ముందు సీట్లో, ఒళ్లో కాగితాల సంచీతో. పెద్దపరీక్షకి పిల్లని తీసుకొచ్చిన తండ్రిలా ఉన్నారు.

ఇన్‌స్పెక్టరు కొత్తాయన. పల్చగా, కుర్రతనం పోని మొహం. పక్కన స్టూలు మీద ఉతికి మడతపెట్టిన తెల్లగుడ్డ ముక్కలు దొంతరగా పెట్టుకున్నాడు. ఒక్కో బండి వచ్చినప్పుడల్లా ఒక ముక్క తీసి, సైలెన్సరు గొట్టం మూతికి పల్చగా కట్టి, తాడు బిగించి, “రైజు చెయ్యండి” అనేవాడు. పది అంకెలు లెక్కపెట్టి గుడ్డ విప్పి ఎండకేసి చూసేవాడు.

అబ్బులు ఏక్సిలేటరు తొక్కాడు. పది అంకెలయ్యాయి. గుడ్డ విప్పితే మధ్యలో కాటుక పట్టిన పళ్లెంలా గుండ్రటి నల్లమచ్చ.

“పనికిరాదండీ,” అన్నాడు ఇన్‌స్పెక్టరు నొచ్చుకుంటున్నట్టు.

“కిందటేడు ఇదే మైదానంలో పాసయ్యింది కదండీ!” అన్నారు పురుషోత్తంగారు.

“కిందటేడు వచ్చినాయన ఎలా చూసేరో నాకు తెలీదండీ. పొగ ఎక్కువ రాకూడదని రూల్లో ఉంది. ఎక్కువంటే ఎంతో రాయలేదు. నా లెక్క ఈ గుడ్డ.” గుడ్డని పురుషోత్తంగారి చేతిలో పెట్టాడు. “మీ వెనకాల సైకిళ్ల మీద స్కూలు పిల్లలొస్తారు కదండీ మేష్టారూ.”

పురుషోత్తంగారు ఆ నల్లమచ్చని బొటనవేలితో రుద్ది చూసుకున్నారు. గుడ్డ పట్టుకుని నిలబడ్డారు. పక్క బారులోంచి సూర్యారావు వచ్చి గుడ్డ వైపు వంగి చూశాడు.

“అనుకున్నానండీ మేష్టారూ. మీవోడు డీజిల్లో కిరసనాయిలు కలుపుతున్నాడంట కదా. మా ఇంట్లో అంటుంటే విన్నాను.”

త్రిపుర వెనక సీట్లో కదలకుండా కూర్చుంది. తన మాట తనకి వినిపించింది. రెండు రోజుల్లో దాని నవ్వంతా ఎక్కడో రాలిపోయి, ఒట్టి వార్తై తిరిగొచ్చింది.

“ఏరా?” అన్నారు పురుషోత్తంగారు.

“లేదండి మేష్టారూ. బంకు చీటీలన్నీ డాష్‌బోర్డులో ఉన్నాయండి.”

“చీటీ ఎవడైనా రాస్తాడు. గుడ్డ అబద్ధం ఆడుతుందిట్రా? డీజిలు అమ్ముకుని కిరసనాయిలు పోస్తున్నావన్నమాట.”

చుట్టూ పదిమంది డ్రైవర్లున్నారు. అబ్బులు వాళ్ల వైపు చూడలేదు. తల తిప్పి, వెనక సీట్లో ఉన్న అమ్మగారి వైపు చూశాడు. ఒక్కసారే. త్రిపుర చీర కొంగు అంచు మీద లేని మరకని గోటితో గీరుతోంది.

అప్పుడు అనేసి ఉంటే రెండు ముక్కల్లో పోయేది. ‘అది నేను వేళాకోళానికన్న మాటండీ’ అంటే సరిపోయేది. కానీ అంతమంది మగాళ్ల మధ్య, నోటి దురద కొద్దీ అన్నానని ఒప్పుకోవాలి. ఇంటికెళ్లాక, ‘బియ్యే చదివిన దానివి’ అని మొదలయ్యే పాఠం ఉంటుంది. ఇంట్లో నెమ్మదిగా చెబుదాంలే అనుకుంది.

అబ్బులు కారుని ఇంటిదాకా ఎంత నెమ్మదిగా నడిపాడంటే, దారి పొడుగునా పొగ చాయ కూడా కనబడలేదు. పందిరి కింద నిలిపాడు. స్టీరింగు తుడిచాడు. తాళాలూ బంకు చీటీల కట్టా అరుగు మీద పెట్టి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. త్రిపుర కాఫీ కలుపుకుని బయటికొచ్చేసరికి వీధిలో ఎవరూ లేరు.

గురువారం మధ్యాహ్నం అబ్బులు పెళ్లాం దుర్గమ్మ వచ్చింది. గేటు లోపలికి రాలేదు. ఉతికి, గంజిపెట్టి, ఇస్త్రీ చేసిన రెండు ఖాకీ చొక్కాలు అరుగు మీద పెట్టింది.

“మీరు కుట్టించినయ్యి కదండీ అమ్మగారూ. ఇచ్చెయ్యమన్నాడు.”

“వాడెక్కడే?”

“మలికిపురం ఎల్లేడండి. మా అన్నయ్య కొబ్బరికాయల కొట్టులో కాయలు వొలుత్తున్నాడు. నేనూ రేపు ఎల్లిపోతున్నానండి. ఇక్కడ ఇంక స్టీరింగు ఎవరిత్తారండీ? స్టాండులో ‘కిరసనాయిలు వచ్చేడు’ అంటన్నారంట.”

“మీ ఆయన ఏమన్నాడే... నా గురించి?”

దుర్గమ్మ వింతగా చూసింది. “మీ గురించేంటండీ? ఏమీ అన్లేదండి.”

వాడు పెళ్లానికి కూడా చెప్పలేదన్నమాట. త్రిపుర చొక్కాలు లోపలికి తీసుకెళ్లింది. కాలర్లు మడత నలగకుండా ఇస్త్రీ చేశారు. వాటిని ఎక్కడ పెట్టాలో తెలీక బీరువాలో పట్టుచీరల మీద పెట్టి, మళ్లీ తీసి, పెట్టెలో పెట్టింది. ఆ సాయంత్రం గోడ మీంచి పుష్పలత పిలిస్తే తలనొప్పని చెప్పింది.

కాకినాడ ప్రయాణం శుక్రవారం. మళ్లీ ఇక్కడ కేంపు పడేసరికి పెళ్లిళ్లు అయిపోతాయి. కాకినాడ వెళ్లి చూపించుకోవచ్చని ఎవరో అన్నారు. ఓనరు సంతకం ఎలాగూ కావాలి. పురుషోత్తంగారు స్కూలుకి సెలవు పెట్టి తనే నడిపారు. ఆయన నడిపితే పక్కన నడిచే గేదెలు కూడా ముందు వెళ్లేవి.

అప్పటికి ఎదుర్లంక దగ్గర వంతెన లేదు. కారుని పంటు అనే బల్లపడవ మీదికి ఎక్కించి గోదావరి దాటించేవారు. రెండు పలకల మీంచి టైర్లు టకటక దిగుతుంటే త్రిపుర ఊపిరి బిగబట్టుకునేది. పంటు మధ్యలోకి వచ్చాక ఆ గాలికి అంతా మరిచిపోయేది. ఆ నీళ్ల మీద అరగంట ఎవరికీ తొందరుండేది కాదు. సైకిలుకి కట్టిన కోళ్ల బుట్టలూ, అరటి గెలలూ, చంటిపిల్లలూ, ఆఫీసు గుమాస్తాలూ అందరూ ఒకే నీడలో నిలబడి కబుర్లు చెప్పుకునేవారు. చెదిరిన జుట్టుతో, మొహం మీద ఉప్పుతో అవతలి గట్టు దిగడం ఆ రోజుల్లో ప్రయాణమంటే.

అవతలి గట్టు యానాం. నది ఒకటే, భాష ఒకటే, చేపల వాసన ఒకటే. ప్రభుత్వం మాత్రం వేరు, పాండిచ్చేరిది. టీ కొట్టు దగ్గర పక్క టాక్సీ డ్రైవరుని పురుషోత్తంగారు కదిపారు.

“మా ఫీజులు వేరండి, మా పద్ధతులు వేరండి,” అన్నాడతను గర్వంగా. “పొగ గురించి నన్నెవరూ అడగలేదండి ఇంతవరకూ. కానీ మీది ఆంధ్రా బండి కదండీ. మీ పొగ మీ ఒడ్డుకే.”

పురుషోత్తంగారు టీ తాగడం మానేసి ఆలోచనలో పడ్డారు. “యానాంలో మనవాళ్లెవరైనా ఉన్నారుటే?”

“బండి రిజిస్టరుకి అడ్రసు కోసమా? రెండో ఆవిడకి వేరు కాపురం పెట్టిస్తారన్నమాట,” అంది త్రిపుర. అలవాటుగా అనేసింది. అన్నాక తనకే నవ్వు రాలేదు.

కాకినాడలో ఇన్‌స్పెక్టరుగారు పెద్దాయన, రిటైరుమెంటు దగ్గర్లో ఉన్నారు. గుడ్డలు లేవు, స్టూలు లేదు. కారుని ఆవరణ చివర నిలబెట్టి రైజు చెయ్యమన్నారు. ఇరవై అడుగులు వెనక్కి నడిచి, కళ్లజోడు సవరించుకుని, పొగలోంచి కారు నంబరు పైకి చదివారు. తప్పు లేకుండా చదివారు.

“నంబరు కనబడింది కదండీ. వెనక వచ్చేవాడికి బండి కనబడితే చాలు. పొగ ఎక్కువ లేనట్టే.”

ఫీజు కట్టారు. త్రిపుర సంతకం పెట్టింది. సగం పేరు పై గడిలో, సగం కింద గడిలో. పురుషోత్తంగారు సర్టిఫికెట్టుని రెండుసార్లు చదివి సంచీలో పెట్టుకున్నారు. ఊరు దాటాక కూడా ఆయన ఈల వేస్తూనే ఉన్నారు. అమలాపురంలో కట్టిన ఫీజు వృథా, ఇక్కడి ఫీజు, పంటు, డీజిలు, ఒకరోజు సెలవు. మొత్తం కూడినా ఒక్క పెళ్లి బాడుగతో తీరిపోతుందని తేల్చారు.

“ఏమండీ,” అంది త్రిపుర. “కాకినాడలో పొగే లేకపోతే, అబ్బులు కలిపిన కిరసనాయిలు ఏమైనట్టు?”

“అది వేరే లెక్క. ఊరికో పద్ధతి.”

“బండి పొగకంటే సరే. మనిషి దొంగో కాదో కూడా ఊరికో పద్ధతేనా?”

ఆయన ఈల ఆపేశారు. గెలిచాననుకోవాల్సిన చోట త్రిపుర కిటికీ వైపు తిరిగింది. ఆ ప్రశ్న తను వేయాల్సింది ఆయనకి కాదు.

సాయంత్రం ఎదుర్లంక గట్టున పంటు దిగి, ఏటవాలు ఎక్కబోతూ కారు సగంలో ఆగిపోయింది. మళ్లీ స్టార్టు చేస్తే నల్లటి పొగ కక్కి, మూలిగి, మళ్లీ ఆగింది. వెనక దిగాల్సిన వాళ్లందరూ కేకలేస్తున్నారు. పంటు ఇంజను నడిపే ముసలాయన లుంగీ ఎగ్గట్టుకుని వచ్చాడు. బానెట్టు తెరిచి, ఇంజను మాట విన్నట్టు చెవి ఒగ్గి, గాలి వెళ్లే డబ్బా మూత ఊడదీశాడు. లోపల వేలు పెట్టి, నల్లగా జిగటగా ముద్దకట్టిన దాన్నేదో బయటికి లాగాడు.

“ఇదేంటండీ బాబూ, కాకిగూడా?”

కాకిగూడు కాదు. కొబ్బరి పీచు.

“ఇంజనుకి గాలాడకుండా దీన్ని కుక్కితే పొగ రాదేంటండీ! తీసి అవతల పారేత్తే తెల్లగా నవ్వుతాది బండి.”

“కిరసనాయిలు కలిసిందంటావా?” త్రిపుర అడిగింది.

ముసలాయన వేలు వాసన చూశాడు, టేంకు మూత తీసి అక్కడా చూశాడు. “నిక్కమైన డీజిలండి. బండిని బాగా చూసుకున్న చెయ్యే ఇది. ఈ పీచు పెట్టినోడెవడో గానీ, ఆడే దీని శత్రువు.”

పురుషోత్తంగారు గోదావరి వైపు చూస్తున్నారు.

త్రిపురకి గుర్తొచ్చింది. ఆషాఢంలో ఆయన మెత్తటి పీచు కావాలని అడిగితే, తనే నానబెట్టి, బాది, చిక్కు తీసి, ఆరబెట్టి ఇచ్చింది. దిండులోకేమో అనుకుంది. డబ్బాలో తుప్పు పట్టిన జల్లెడకి బదులుగా, షాపులో అడిగిన ధర ఇష్టం లేక, మన నేల మీద దొరికే వస్తువుతో శాస్త్రీయంగా సరిచేశారన్నమాట మేష్టారు. తడికి అది ఉబ్బింది.

పీచు తీసేశాక కారు ఏటవాలు ఒక్క ఊపులో ఎక్కింది. అద్దంలో చూస్తే వెనక రోడ్డు శుభ్రంగా ఉంది. వీధి మలుపు తిరిగాక పురుషోత్తంగారు అన్నారు: “ఆదివారం మలికిపురం వెళ్లి వాణ్ని తీసుకొచ్చేద్దాం. పీచు గొడవ అక్కడ ఎత్తకు. సర్టిఫికెట్టు వచ్చింది కదా, చాలు.”

ఆదివారం పొద్దున్న మలికిపురంలో కొబ్బరికాయల కొట్టు ముందు కారు ఆగింది. ఆవరణలో ఇంటెత్తు కాయల రాశులు. నేలలో పాతిన గునపాల ముందు ఆరుగురు మగాళ్లు కాయలు వలుస్తున్నారు. ఆ చివర అబ్బులు. కాయని రెండు చేతులా పట్టి గునపం మొన మీదికి దించి, మణికట్టు తిప్పి, పెళుక్కున డిప్ప విరిచేవాడు. మూడు తిప్పుల్లో కాయ ఒట్టిదయ్యేది. అలవాటు తప్పిన చేతులు; బొటనవేళ్లకి గుడ్డపీలికలు చుట్టుకున్నాడు. దుర్గమ్మ డిప్పలు ఏరి కుప్ప వేస్తోంది.

“ఒరే అబ్బులూ!” అన్నారు పురుషోత్తంగారు కారు దిగకుండానే, చాలా ఉల్లాసంగా. “సర్టిఫికెట్టు వచ్చేసిందిరా. బుధవారం కొత్తపేట పెళ్లివారికి బండి కావాలి. చెయ్యి కడుక్కుని ఎక్కు.”

అబ్బులు చేతిలో కాయ పూర్తిచేసి రాశిలోకి విసిరాడు. “ఏ ఊళ్లో ఇచ్చేరండీ?”

“కాకినాడలో.”

“ఆయ్. కాకినాడలో బండి పాసయ్యిందండి. నేను తప్పింది అమలాపురంలో కదండీ.”

ఇంకో కాయ అందుకున్నాడు. పురుషోత్తంగారు తలుపు తీసుకుని దిగారు. “కిరసనాయిలు కాదని తేలిందిలే. గాలి డబ్బాలో పీచు అడ్డుపడింది. అదీ సంగతి.”

“పీచు దానంతటది ఎల్లి కూర్చోదు కదండీ మేష్టారూ,” అంది దుర్గమ్మ నడుం ఎత్తి.

పురుషోత్తంగారు కళ్లజోడు తీసి తుడవడం మొదలుపెట్టారు. అద్దాలకి ఏమీ లేదు. తడి, ఉబ్బడం, గాలి ఒత్తిడి అని ఏవో మాటలు క్లాసులోలా చెప్పుకొచ్చారు. పెట్టిన మనిషి సంగతి మాత్రం రాలేదు. లోపల గల్లాపెట్టె ముందున్న కొట్టు యజమాని, దుర్గమ్మ వాళ్లన్నయ్య, చప్పుడు విని బయటికొచ్చాడు. పక్క గునపం దగ్గరున్నతను ఆయనకి కారు చూపిస్తూ, “ఈళ్లేనండి, మన కిరసనాయిలు ఓనర్లు,” అన్నాడు. నలుగురూ నవ్వారు.

అదే నవ్వు. మొన్న ఆదివారం గోడ మీద వినడానికి ఎంతో బాగున్నది. ఇక్కడిదాకా వచ్చింది, గోదావరి పాయ దాటి.

అబ్బులు నవ్వలేదు, కోపగించలేదు. తల ఎత్తి కారు వైపు చూశాడు, మైదానంలో చూసినట్టే, ఒక్కసారి. చూసి, కాయ మీదికి వంగబోయాడు.

త్రిపుర తలుపు తీసుకుని దిగింది. చెప్పులు కార్లోనే ఉండిపోయాయి. పీచుపొట్టు మీద అరికాళ్లు కూరుకుపోతుంటే నడిచి, గునపాల వరస దాకా వచ్చింది.

“త్రిపురా,” అన్నారు పురుషోత్తంగారు హెచ్చరికగా.

“మీరుండండి. పీచు సంగతి మీరు చెప్పుకుంటారో లేదో మీ ఇష్టం. ఇది నాది.” గొంతు అందరికీ వినబడేలా ఎత్తింది. “ఆ కిరసనాయిలు మాట పుట్టించింది నేనయ్యా. వాడేం కలపలేదు. ఖాళీ డబ్బా చేత్తో పట్టుకుని, నవ్వులాటకి నేనే అన్నాను. వాడు అక్కడే ఉన్నాడు, వాడూ నవ్వేడు. తర్వాత అందరి మధ్యా వాణ్ని దొంగన్నప్పుడు నావైపు చూసేడు. నేను చీర కొంగు చూసుకున్నాను. నా పేరు చెప్పి బయటపడొచ్చు, వాడు చెప్పలేదు. పెళ్లానిక్కూడా చెప్పలేదు.”

గునపాల చప్పుడు ఆగిపోయింది. దుర్గమ్మ చేతిలోని డిప్ప అలాగే ఉంది.

“కారెక్కుతావో మానేస్తావో నీ ఇష్టం అబ్బులూ. ఎక్కకపోయినా ఈ మాట స్టాండులోనూ, మా గోడ మీదా ఇలాగే చెబుతాను,” అంది త్రిపుర. “తప్పు చేసేను. నాదే తప్పు.”